పుస్తకంల గిట్ల లేదు

మా ఇంట్ల మంచం జర ఎత్తు. వచ్చినోళ్లు ఎవ్వలు కూసున్నా కాళ్లు నేలకు అందయి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టిన. ఇటుకల నడుమ జాగల నేను రాసిన నవల కట్టలు కట్టలుగ ఉన్నది. దాని పేరు ‘నిలవని నాడె’. నాడె అంటే మగ్గంల దారం పట్టుకొని అటుఇటు ఉరికేది. పేరుకే నిలవనిది. అచ్చయిన కాడి నుంచి మంచం కింద నిలిచే ఉన్నది.

నా పేరు సోమలింగం. మాది సిరిసిల్ల పక్కన ఊరు. మీసాలు మొలవకముందే మేనమామ ఎంబడి సూరత్ వచ్చిన. ఈడ లింబాయత్ బస్తీల ఉండే మన వాళ్లందరి తీర్గనే సాంచలు నడిపిన. ఈ కరెంటు మగ్గాల చప్పుడులనే వయసంత పోయింది. ఇప్పుడు ఎడమ చెవు మొత్తానికే వినపడదు, కుడి చెవు దాని ఇష్టం. కొత్త మిషన్లు వచ్చినంక వాటి ఉరుకుడు నాతోని కాలే. సేఠ్ మంచోడు, నన్ను తీసెయ్యకుంట తాకాలు చూసే కాడ పెట్టిండు. తాకా అంటే నేసి దింపిన బట్ట చుట్ట. అండ్ల ఏడ దారం తెగింది, ఏడ నూనె మరక పడ్డది వెతుకుడే నా పని. మందిల తప్పులు పట్టుడన్నట్టు. అది నాకు ఒకలు నేర్పేది కాదు.

ఆ విద్యను నేను ఎక్కువ సిన్మాల మీద చూపెట్టిన. నాకు చిన్నప్పటి నుంచి నవలల పిచ్చి. ఊరికి పోయొచ్చేటోళ్లు కారం పొడి తెచ్చుకుంటే నేను నవలలు తెప్పిచ్చుకునేది. ఏదన్న నవలను సిన్మా తీసిండ్రని తెలిస్తే చాలు, రూముల దోస్తులందరిని తోలుకొని పోయేది. తెర మీద బొమ్మ పడంగనే మొదలు: “పుస్తకంల గిట్ల లేదు.” హీరోయిన్ చస్తే పుస్తకంల బతుకుతదని చెప్పేది, బతికితే పుస్తకంల చస్తదని చెప్పేది. పక్కోడు ఏడుస్తుంటే వాని చెవుల నోరు పెట్టి, “గిది వాళ్లు కల్పిచ్చింది, ఏడువకు” అనేది. ఒకసారి ముందటి సీటుల గుజరాతీ మనిషి వెనుకకు తిరిగి, “కాకా, జోవా దో నే!” అని చేతులు జోడిచ్చిండు. జర చూడనియ్యమని. మెల్లగ దోస్తులు నాకు చెప్పకుంట సిన్మాలకు పోవుడు షురూ చేసిండ్రు. వాళ్లకు సాహిత్యం తెల్వదని నేను జాలిపడ్డ.

గసొంటోడు చదువుడుతోని ఆగుతడా? యాభై దాటినంక నేనే ఒకటి రాసిన.

నా నవల ఉత్తగ పుట్టలే. దానికి కింద ఒక నిజం ఉన్నది. మా కార్ఖానల పరుశురాం అని నా జతగాడు ఉండె. ఒకనాడు సాంచల వాని కుడి చెయ్యి పడి రెండు వేళ్లు పోయినయ్. దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక సేఠ్ వాన్ని ఇగ పనికి రావద్దన్నడు. నాకు కడుపు మండింది. సాంచలు నడుస్తుండంగనే పోయి సేఠ్ ముందట నిలబడి అడిగిన. సేఠ్ నా మొఖం చూసి, జరసేపు ఆలోచన చేసి, తల ఊపిండు. తర్వాత రెండు దినాలకే పరుశురాంను పిలిపిచ్చి కండెలు చుట్టే కాడ కూసోబెట్టిండు. నా ఒక్క మాటకు సేఠ్ కరిగిండు! ఆ దినం నుంచి గల్లీల నా నడకనే మారింది.

నవలల నేను ప్రభాకర్‌నైన. ఇన్నేండ్లల్ల సాంచల మీద ప్రభాకర్ అనెటోడు నాకు ఒక్కడు తగలలే. అయితే నాయకునికి సోమలింగం అని పెడితే పుస్తకం ఎవ్వలు ముట్టుకుంటరు? ప్రభాకర్ ఆజానుబాహుడు. నడుమ నడుమ పని ఇడిసిపెట్టి తపతీ నది దిక్కు చూస్తడు. ఊరి నుంచి సూరత్ రైలెక్కినప్పుడు పదకొండు పేజీలు ఆలోచన చేస్తడు. జతగాని చెయ్యి తెగితే కార్ఖాన నడుమ నిలబడి నాలుగు పేజీల ఉపన్యాసం ఇస్తడు. సేఠ్ కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. ఇగ ఆయన భార్య మాలతి. నవల మొత్తంల మాలతికి ఒక్కటే డ్యూటీ, తలుపు కాడ నిలబడి ఎదురుచూసుడు. అప్పుడప్పుడు రెండు కన్నీటి బొట్లు.

మా సంఘం హాల్‌ల పుస్తకం ఆవిష్కరణ చేసిండ్రు. సంఘం పెద్ద సాంబయ్య దాన్ని కండ్లకద్దుకొని ఫొటో దిగిండు. ఆయన ఎనుక అందరు దిగిండ్రు. చదివినోడు మాత్రం ఒక్కడు దొరకలే. మా ఇంటామె స్వరాజ్యం సుత చదవలే. ఆమెది ధాగా పని. ఎంబ్రాయిడరీ చీరెలు మూటలకు మూటలు ఇంటికి తెచ్చుకొని, వెనుక దిక్కు వేలాడే దారాలన్ని చిన్న కత్తెరతోని కోసి ఇస్తది. “జర చదువే” అని పుస్తకం చేతిల పెడితే, “ఈ మూట ఒడవని” అన్నది. ఒక మూట ఒడిసేవరకు ఇంకోటి వచ్చి కూసునేది.

పోయినేడు పక్క గల్లీ రాజలింగం బిడ్డ సింధూజ మా ఇంటికొచ్చింది. సూరత్‌లనే పుట్టి పెరిగిన పిల్ల. రింగ్ రోడ్ మార్కెట్‌ల చీరెల వీడియోలు తీసే కొలువు. మోడల్ పిల్ల చీరె కట్టుకొని గిర్రున తిరిగితే ఈమె తీస్తది, అది చూసి మంది ఫోన్ల మీద కొంటరు.

“తిరిగే చీరెలు తీసి తీసి నా దిమాగ్ తిరుగుతుంది కాకా,” అన్నది. “మన వాళ్ల మీద ఒక సిన్మా తీస్త. చిన్నదే, అరగంట. మీ నవల ఇస్తరా?”

నా నవలను సిన్మావోళ్లకు ఇయ్యనే ఇయ్య అని నేను ఎప్పటి నుంచో గట్టిగ అనుకొని ఉన్న. ఎవ్వలు అడగకపోయేసరికి ఆ మాట లోపల్నే ఉండె. అడిగిన నిమిషంలనే మర్చిపోయిన.

“ఒకటే షరతు,” అన్న. “ఒక్క అక్షరం మారద్దు.”

“అక్షరాలు నాకు రావు కాకా. తెలుగు మాట్లాడుడే వచ్చు, చదవరాదు. మీరే చదివి వినిపియ్యుర్రి.”

గట్ల నా నవలకు మొట్టమొదటి పాఠకురాలు దొరికింది, చదువరాని పిల్ల.

ఆదివారం పగటి అన్నాలైనంక చదువుడు షురూ. నేను ఎత్తు మంచం మీద, సింధూజ కింద చాప మీద, గోడకానుకొని స్వరాజ్యం చీరెల మూటతోని. గొంతు సవరిచ్చుకొని మొదటి వాక్యం చదివిన: “సువర్ణ కిరణాలను తన తరంగాల మీద ఊయలలూపుతూ తపతీ నది...”

“సువర్ణ మత్లబ్?” అన్నది సింధూజ.

“బంగారం.”

“తాపీలనా?” అన్నది. ఈడ తపతీని అట్లనే అంటరు.

స్వరాజ్యం కత్తెర ఆపకుంటనే అన్నది: “ఈయన ఇన్నేండ్లల్ల తాపీ కాడికి పోయింది రెండుమాట్లే. రెండుమాట్లు సుత సచ్చినోళ్ల బొక్కలు నీళ్లల్ల కలుపనీకే పోయిండు.”

నేను విననట్టే ముందుకు పోయిన. నా చెవులతోని ఉన్న లాభం అదొక్కటే. మాలతి తలుపు కాడ నిలబడ్డ పేజీ వచ్చింది. పొద్దుగూకింది, దీపం పెట్టింది, ప్రభాకర్ రాలే, మాలతి నిలబడే ఉన్నది.

“ఎంతసేపట్నుంచి నిలబడ్డదామె?” అని అడిగింది స్వరాజ్యం.

“సాయంత్రం నుంచి.”

“మరి ఇంట్ల పని ఎవ్వలు చేసిండ్రు?”

సింధూజ పడిపడి నవ్వింది. “చిన్నమ్మా, మీరైతే ఏం చేస్తుంటిరి?” అన్నది. ఇగ స్వరాజ్యం చెప్పుడు షురూ చేసింది. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుండె, ఆడోళ్లు బిందెలకు బదులు చెప్పులు లైన్ల పెట్టి ఎట్ల జాగ ఆపుకుంటుండిరి, నేను డ్యూటీ నుంచి వచ్చి గట్టిగ మాట్లాడితే పక్కింటోళ్లు కొట్లాట అనుకొని ఎట్ల ఉరికొచ్చిండ్రు, అన్ని. సింధూజ ఫోన్‌ల రికార్డ్ చేసుకున్నది. నేను పేజీల నడుమ వేలు పెట్టుకొని కూసున్న. సాహిత్యానికి అడ్డం వచ్చెటియ్యి గిసొంటియే అనుకున్న.

ఉపన్యాసం పేజీలు వచ్చిన ఆదివారం స్వరాజ్యం ఇంట్ల లేదు, చీరెలిచ్చి రానీకె వరాఛా పోయింది. మంచిగైంది, నడుమల అడ్డం రాదనుకున్న. మంచం దిగి నిలబడి చదివిన. “ఓ యజమానీ! నీ వస్త్రంలో పోగులెన్ని ఉన్నాయో, మా జీవితాలలో వ్యథలన్ని ఉన్నాయి...” నాలుగు పేజీలు చేతులూపుకుంట చదివి, చెమట తుడుసుకొని పిల్ల దిక్కు చూసిన.

“కాకా, సాంచలు బంద్ చేసి మాట్లాడిండా?”

“లేదు, నడుస్తుండంగనే. అండ్లనే ఉన్నది గొప్పతనం.”

“మరి సేఠ్‌కు వినపడ్డదా?”

ముప్పై ఏండ్లకు ఎక్కువ సాంచల నడుమ బతికినోన్ని. ఆ చప్పుడుల పక్కోన్ని నీళ్లు అడగాలంటే బొటనవేలు నోటికాడ పెట్టి చూపెడ్తం. ఆ సంగతి నవల రాసేటప్పుడు నాకు ఒక్కసారి సుత యాదికి రాలే.

“నవలల వినపడ్తది,” అన్న.

సింధూజ ఫోన్ తీసి ఏదో రాసుకున్నది.

షూటింగ్ ఊరవుతల ‘ఉన్’ అనే జాగల ఒక కార్ఖానల పెట్టుకున్నరు. ప్రభాకర్ ఏషం ఓంప్రకాష్‌కు ఇచ్చిండ్రు. ఆ పిల్లగాడు అక్కడ్నే సాంచలు నడుపుతడు. పొట్టిగ, గుండ్రంగ, గోలెం తీరు ఉంటడు.

“సింధూజా, ప్రభాకర్ ఆజానుబాహుడు,” అన్న పక్కకు పిలిచి.

“మత్లబ్?”

“చేతులు మోకాళ్ల దాక ఉంటయి.”

“గన్ని పొడుగు చేతులతోని సాంచల నడుమ నిలబడితే ఉంటయా కాకా?” అన్నది.

రైలుల పదకొండు పేజీల ఆలోచన ఏదని అడిగితే, తీసిన ముక్క చూపెట్టింది. జనరల్ డబ్బా. ఓంప్రకాష్ చెప్పులు ఇడిసి చంకల పెట్టుకొని, తలుపు కాడ మునగదీసుకొని కూసున్నడు. నోరు మెదపడు. కండ్లు బయిటికి చూస్తున్నయ్. అంతే.

“నా పదకొండు పేజీలు?”

“ఆలోచిస్తుండు గదా కాకా.”

ఉపన్యాసం దినం మాత్రం నేను దగ్గరుండి చెప్పిచ్చిన. ఓంప్రకాష్ పాపం కష్టపడి బట్టీ పట్టిండు. చుట్టు సాంచలన్ని నడుస్తున్నయ్. వాని మెడ నరాలు ఉబ్బినయ్ గని ఒక్క మాట వినపడలే. తర్వాత స్టూడియోల గొంతు అతికిస్తరు, సిన్మావోళ్లకు అలవాటే అనుకొని నేను నిమ్మలంగ చాయ్ తాగిన.

నేను డ్యూటీల ఉన్నప్పుడు సింధూజ మా ఇంటికి వచ్చి పోతున్నదని సుత తెలిసింది. “చిన్నమ్మ చేతులు వీడియో తీసుకున్న కాకా,” అన్నది. నేను మనసుల పెట్టుకోలే. నా నవలల మాలతి చేతులు తామర తూడులు. స్వరాజ్యం చేతులేమో కత్తెర పట్టి పట్టి బొటనవేలు కాడ కాయ కాసినయ్. ఏ పనిమనిషి పాత్రకో అనుకున్న.

సంఘం హాల్‌ల తెల్ల బట్ట కట్టి సిన్మా ఏసిండ్రు. గల్లీ గల్లీ మొత్తం వచ్చింది. నన్ను ముందటి లైన్ల సాంబయ్య పక్కన కూసోబెట్టిండ్రు. నేను ఇస్త్రీ అంగీ ఏసుకున్న. బట్ట మీద పేరు పడ్డది: ‘ఏమంటున్నవ్?’

“పుస్తకంల గిట్ల లేదు,” అన్న సాంబయ్యతోని. “దీని పేరు నిలవని నాడె.”

“అట్లనా?” అన్నడాయన. పుస్తకం కండ్లకద్దుకున్న మనిషి.

రైలు వచ్చింది. చంకల చెప్పులు. నేను ఆయన దిక్కు వంగి పదకొండు పేజీల సంగతి చెప్దామని నోరు తెరిచేవరకు, సాంబయ్య తువ్వాలతోని కండ్లు ఒత్తుకుంటున్నడు. “గిట్ల చంకల పెట్టుకోకనే నా చెప్పులు రైలుల పోయినయ్ తమ్మీ,” అన్నడు. “ఉధ్‌నా స్టేషన్‌ల ఉత్త కాళ్లతోని దిగిన. కాళ్లు కాలుతుంటే ఎవ్వలన్న చూస్తరని సిగ్గైంది.” ఇన్నేండ్ల పరిచయంల ఆ ముచ్చట నాకు ఎన్నడు చెప్పలే. నా పదకొండు పేజీలల్ల ప్రభాకర్ కాళ్లకు ఏమున్నదో నేను రాయనే లేదు.

తర్వాత కార్ఖాన. సాంచల చప్పుడు హాల్ గోడలు అదిరేటట్టు పెట్టిండ్రు. ఓంప్రకాష్ సేఠ్ ముందట నిలబడి ఉపన్యాసం మొదలు పెట్టిండు. నోరు ఆడుతున్నది, చేతులు ఊగుతున్నయ్, వినపడేది సాంచలే. సేఠ్ మొఖం దగ్గర చేసుకొని చూసిండు, కనుబొమలు ఎగరేసిండు, గడియారం చూసుకున్నడు, ‘పో, పో’ అన్నట్టు చెయ్యి ఊపి తల ఊపిండు. హాల్‌ల సాంచల మీద బతికినోళ్లే అందరు. నవ్వు తుపాకి పేలినట్టు పేలింది. నేను సుత నవ్విన. నిజం చెప్తున్న, అందరికన్న గట్టిగ నవ్విన. ఎవడో పిచ్చోడు అనుకున్న.

నవ్వు సగంల ఉండంగనే బొమ్మ మారింది. చేతులు. కత్తెర. బొటనవేలు కాడ కాయ. ఆ చేతులు చీరెల మూట కడుతున్నయ్. మొఖమేమో వేరే పిల్లది, అనురాధ అని మా సంఘం అమ్మాయే. మూట నెత్తిన పెట్టుకొని, ఎంబడి ఇంకో ఆడామెను తీసుకొని, ఒక పెద్దింటి మెట్లెక్కింది. సేఠ్ ఇల్లది. ఆ చీరెల యాపారం సేఠాణిది. సేఠాణి చీరెలు తీసుకోనీకె చెయ్యి చాపితే ఈమె ఇయ్యలే. మూటను మెట్ల మీద పెట్టి దాని మీదనే కూసున్నది.

“ఆ చెయ్యి తెగినాయనకు కండెల కాడ పని ఇయ్యిర్రి,” అన్నది. “ఇచ్చేదాక మూట దిగ.”

పెండ్లిళ్ల సీజన్. చీరెలు ఆ పూటనే పోవాలె. సేఠాణి తిట్టింది, బతిమిలాడింది. ఈమె కూసున్నది కూసున్నట్టే ఉన్నది. పగటి తిండికి సేఠ్ ఇంటికొచ్చి మెట్ల మీద ఈమెను చూసి ఆగిండు. “నీ మనిషి నిన్న సెలవు అడిగిండు గదా, ఇచ్చిన గదా! ఇంకేంది?”

హాల్ మళ్ల పేలింది. ఈసారి నేను నవ్వలే. రెండు లైన్ల ఎనుక పరుశురాం కూసున్నడు. నేను తిరిగి చూస్తే వాడు పైకప్పు దిక్కు చూసిండు.

సిన్మా అయిపోయినంక చప్పట్లు. సింధూజను అందరు ఎత్తుకున్నంత పని చేసిండ్రు. నేను పరుశురాంను మూలకు గుంజిన.

“గది నిజమేనారా?”

“మా ఇంటామె మంగ పోయింది గదా వదినతోని,” అన్నడు.

“నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్పాలెరా? నాకు పని దొరికిన దినం నువ్వే చాయ్ తాగిపిచ్చి, సేఠ్‌ను ఎట్ల కరగదీసినవో మొత్తం చెప్తివి. చెప్పుకుంట చెప్పుకుంట నీ కండ్లల్లనే నీళ్లొచ్చినయ్. నడుమల నేనెట్ల ఆపుదు?”

గల్లీల అందరికి తెలుసట. సాంబయ్యకు సుత తెలుసట. తెల్వనోన్ని నేనొక్కన్నే, పుస్తకం రాసింది సుత నేనొక్కన్నే.

ఇంటికి నడుసుకుంట పోతుంటే స్వరాజ్యంను అడిగిన.

“గా దినం నువ్వు పాట పాడుకుంట ఇంటికొచ్చినవయ్యా,” అన్నది. “రోజు ఎవ్వలో తిట్టిండ్రని వచ్చెటోనివి. గా దినం రొట్టెలు సుత ఎక్కువ తిన్నవ్. ‘సేఠ్ నా మాట విన్నడు’ అని పండుకునేదాక అదే ముచ్చట. తెల్లారి సుత గాయనకు పిలుపు రాకపోతే, నేను పోయి అడిగొస్తే సేఠ్ ఒప్పుకున్నడు. గాయనకు పని దొరికింది, నీకు సంబురం దొరికింది. మళ్ల చెప్పుడెందుకు?”

సిన్మా ఫోన్లల్ల తిరిగి సిరిసిల్ల దాక పోయింది. దాని పుణ్యాన నా నవల సుత కదిలింది. సిన్మా చూసినోళ్లు వచ్చి పుస్తకాలు పట్టుకపోయిండ్రు. నేను సంతకాలు పెట్టిచ్చిన. వారం తిరగకముందే ఒక్కొక్కలు ఎదురుపడి, “కాకా, సిన్మాల ఉన్నట్టు పుస్తకంల లేదేంది? మెట్ల మీద కూసునే కథనే ఎగరగొట్టినవ్” అని నిలదీసిండ్రు. ఒకాయనైతే అచ్చుల పేజీలు తప్పిపోయినయని పుస్తకం వాపస్ తెచ్చిండు. నేను మారు మాట్లాడకుంట ఇంకోటి ఇచ్చిన. అండ్ల సుత ఆ పేజీలు లేవని వాడు ఇంటికి పోయి చూసుకోవాలె.

కొన్ని దినాలైనంక ఒక ఆదివారం స్వరాజ్యం తనంతట తానే అడిగింది.

“గా ఉపన్యాసం నేను వినలే గదా. నేను వరాఛా పోయిన నాడు చదివినవట. సిన్మాలనేమో సాంచల మోతనే ఉన్నది. జర చదువు.”

నేను వద్దన్న. ఆమె ఇడిసిపెట్టలే. ఈసారి నిలబడలే, మంచం సుత ఎక్కలే, చాప మీదనే కూసొని మెల్లగ చదివిన. వస్త్రంల పోగులు, జీవితంల వ్యథలు, అన్ని. ఆమె కత్తెర పక్కన పెట్టి విన్నది.

“మంచిగున్నది,” అన్నది నాలుగు పేజీలు అయినంక. “సగం సమజ్ కాలే గని వింటుంటే మంచిగున్నది. గా దినం సేఠ్‌తోని నిజంగ గిదంత అన్నవా?”

నేను యాదికి తెచ్చుకున్న. నడుస్తున్న సాంచలు, ముక్కుల దూరే నూలు దుమ్ము, సేఠ్ మొఖం.

“లేదు,” అన్న. “ ‘సేఠ్, వాని చెయ్యి...’ అన్న. అంతే. ఆయన తల ఊపిండు, నేను వచ్చిన.”

“గంతేనా?”

“గంతే.”

“మరి నాలుగు పేజీలెందుకైనయయ్యా?”

ఆమె నా దిక్కు చూసి నవ్వింది. హాల్‌ల మంది నవ్వినట్టు కాదు. పక్కన ఇంకో కత్తెర ఉంటే తీసుకొని నేను సుత ఒక చీరె ఒళ్లె ఏసుకున్న. తాకాలల్ల తప్పులు పట్టే కండ్లు గదా, గీ పని ఎంతసేపు అనుకున్న. మొదటి చీరెకే దారంతోని పాటు అంచు పువ్వు సుత కోసేసిన. స్వరాజ్యం కత్తెర గుంజుకొని, చీరె ఎలుతురుకు పెట్టి చూసి, “ఇగ ఇంకో చీరె ఆగం చెయ్యకముందే నువ్వు పోయి చాయ్ పెట్టుపో,” అన్నది.

పోయి పెట్టిన. చక్కెర ఎక్కువైందన్నది.